రొయ్యల చెరువు పక్కనే లా కాలేజీ: వాణిజ్య చట్టం సిలబస్ గురించి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల న్యాయశాస్త్ర బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షులకు, సభ్యులకు,

నమస్కారం. నేను కాకినాడలో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని. నా దగ్గరికి వచ్చే పనిలో ఎక్కువ భాగం సముద్ర ఉత్పత్తుల ఎగుమతిదారులది. కస్టమ్స్ వివాదాలు, డబ్బు ఎగ్గొట్టిన విదేశీ కొనుగోలుదారులకు నోటీసులు, అమెరికా సుంకాల విచారణల్లో అక్కడి లాయర్లు అడిగే కాగితాలు ఇక్కడ సిద్ధం చేసి పంపడం, ఇవీ నా రోజువారీ పనులు.

లా పూర్తి చేసిన పిల్లలు జూనియర్లుగా చేరుతుంటారు. తెలివైనవాళ్లే. ఇంటర్నేషనల్ ట్రేడ్ లా పేపర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లూ వస్తారు. గాట్ (సుంకాలు, వాణిజ్యంపై దేశాల మధ్య ఒప్పందం) 1947, డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) 1995 జనవరి 1 అని తడుముకోకుండా చెబుతారు. ఒక ఎగుమతిదారుకు అమెరికా వాణిజ్య శాఖ నుంచి వచ్చిన ప్రశ్నావళిని చేతిలో పెడితే మాత్రం బిక్కమొహం వేస్తారు. అది ఏ చట్టం కింద వచ్చిందో తెలియదు. గడువులోగా జవాబు ఇవ్వకపోతే, అధికారులు తమకు దొరికిన వివరాలతోనే, అదీ మనకు నష్టం కలిగేలా, సుంకం లెక్కగడతారని తెలియదు. డబ్ల్యూటీఓ యాంటీ డంపింగ్ ఒప్పందంలో (సరుకును మామూలు ధర కన్నా తక్కువకు విదేశానికి అమ్మడమే డంపింగ్) 6.8 అధికరణం, రెండో అనుబంధం ఈ సంగతి కోసమే ఉన్నాయి. పరీక్షలో ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చదవలేదు.

ఈ పేపర్ మన దగ్గర చాలాచోట్ల ఐచ్ఛికంగా ఉంటుంది. ఉన్నచోట బోధన ఎలా సాగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. హవానా సమావేశంతో మొదలై, ఉరుగ్వే రౌండ్ దాటి, మర్రకేష్ ఒప్పందం దగ్గరికి వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది. 'అత్యంత అనుకూల దేశ సూత్రాన్ని వివరింపుము', 'వివాద పరిష్కార వ్యవస్థపై లఘు టీక వ్రాయుము' అని ఏటా అవే ప్రశ్నలు. బజారు గైడు నలభై పేజీలు చదివితే పాసైపోవచ్చు. ఇలా చదివినవాడికి వాణిజ్య చట్టం అంటే డబ్ల్యూటీఓ ఉన్న జెనీవాలో కోటు వేసుకున్నవాళ్లు చేసుకునే వ్యవహారంగా మిగిలిపోతుంది. తన ఊరి చెరువులో పట్టుబడి జరిగిన రోజు వంద కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్య) ధర ఎంత పలకాలో ఆ చట్టమే నిర్ణయిస్తోందని అతనికి ఎవరూ చెప్పరు.

నా మనవి ఇది. సూత్రాల వరుసలో కాకుండా, ఒక సరుకును పట్టుకుని సెమిస్టర్ అంతా చెప్పండి. గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల కాలేజీలకైతే ఆ సరుకు రొయ్య. అంతర్జాతీయ వాణిజ్య చట్టంలో రొయ్య తొక్కని గడప దాదాపు లేదు. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, కొనుగోలుదారుల్లో అమెరికాది మొదటి స్థానం. ఈ రెండు చోట్ల మధ్య పాతికేళ్లకు పైగా నడిచిన తగాదాలే ఒక పాఠ్యపుస్తకానికి సరిపోతాయి.

మొదటి పాఠం తాబేలుతో మొదలుపెట్టవచ్చు. ట్రాలర్ వలల్లో సముద్ర తాబేళ్లు చిక్కి చనిపోతున్నాయని, అవి తప్పించుకునే పరికరం వలకు బిగించని దేశాల రొయ్యలను అమెరికా తన చట్టంలోని 609 సెక్షన్ కింద ఆపేసింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి కేసు వేశాయి. 1998 అక్టోబరులో డబ్ల్యూటీఓలో అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ ఇచ్చిన తీర్పును విద్యార్థి మొత్తం చదవాలి, గైడులో దాని నాలుగు లైన్ల సారాంశం కాదు. ఎందుకంటే అందులో అమెరికా సగం గెలిచింది. తాబేలు తరిగిపోయే ప్రకృతి వనరే, దాన్ని కాపాడే చట్టం, అలాంటి వనరుల రక్షణకు మినహాయింపు ఇచ్చే గాట్ 20వ అధికరణం 'జి' క్లాజు కిందికి వస్తుందని అప్పిలేట్ బాడీ ఒప్పుకుంది. చట్టాన్ని అమలు చేసిన తీరు దగ్గర మాత్రం అమెరికాను పట్టుకుంది. కరీబియన్ ప్రాంత దేశాలకు సర్దుకోవడానికి మూడేళ్లు, మనకు నాలుగు నెలలు. వాళ్లతో కూర్చుని ఒప్పందం కుదుర్చుకుంది, మనతో మాట్లాడనే లేదు. ఇది అన్యాయమైన వివక్ష అని తేల్చారు.

మన విద్యార్థులకు సాధారణంగా కథ ఇక్కడితో ముగిస్తారు, 'భారత్ గెలిచింది' అని. తర్వాత జరిగింది చెప్పరు. అమెరికా చట్టాన్ని రద్దు చేయలేదు, అమలు మార్గదర్శకాలు సవరించింది. మలేసియా మళ్లీ కేసు వేసి 2001లో ఓడిపోయింది. 2019లో అదే 609 సెక్షన్ కింద మన సముద్రంలో పట్టిన రొయ్యలను అమెరికా మళ్లీ నిషేధించింది. చెరువు రొయ్యకు మినహాయింపు ఉంది కాబట్టి భీమవరం బతికిపోయింది. అందుకే నేటికీ అమెరికా వెళ్లే ప్రతి లోడుతో డీఎస్-2031 అనే డిక్లరేషన్ వెళ్తుంది, ఇది చెరువులో పెంచిన సరుకు అని. కాకినాడలో ఆ ఫారం నింపే గుమస్తాకు దాని వెనుక ఇంత పెద్ద కేసు ఉందని తెలియకపోతే ఫర్వాలేదు. అదే ఊళ్లో లా చదివే పిల్లవాడికి తెలియకపోవడమే నాకు బాధ. ఇంకో మాట. ప్రతి చలికాలం మన తీరానికి చచ్చి కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లను చూసిన విద్యార్థికి ఈ కేసులో అమెరికా వాదన కూడా మనసుకు తగులుతుంది. న్యాయవిద్యలో అదీ అవసరమే. ఎప్పుడూ మనదే ధర్మం అనుకుంటూ చదివితే లాయరు తయారు కాడు.

రెండో పాఠం లెక్కలది, మన లా కాలేజీలు భయపడేది దీనికే. 2003 డిసెంబరు చివరి రోజున అమెరికా దక్షిణ రాష్ట్రాల రొయ్యల వేటగాళ్ల సంఘం ఒక పిటిషన్ వేసింది. ఆరు దేశాలు తక్కువ ధరకు సరుకు కుమ్మరిస్తున్నాయని ఆరోపణ. 2005 ఫిబ్రవరి నుంచి మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం మొదలైంది, తొలి రేటు చాలా కంపెనీలకు సుమారు 10 శాతం. ఇరవై ఏళ్లు దాటినా ఆ ఉత్తర్వు బతికే ఉంది. ఏటా సమీక్ష జరుగుతుంది. అందులో అమెరికా వాణిజ్య శాఖ రెండు మూడు పెద్ద కంపెనీల లెక్కలే విప్పి చూస్తుంది, మిగతావాళ్లందరికీ వాటి సగటు వర్తిస్తుంది. అంటే ఎవరో పెద్ద ఎగుమతిదారు తన ఖాతాలు సరిగా చూపించుకోలేకపోతే, అతన్ని ఎన్నడూ చూడని చిన్న ప్లాంటు యజమాని సుంకం పెరుగుతుంది. పైగా అక్కడి పద్ధతిలో సరుకు దిగినప్పుడు కట్టేది డిపాజిట్ మాత్రమే. అసలు సుంకం ఎంతో తేలేది సమీక్ష ముగిశాక, సరుకు అమ్ముడై, తినేసి, డబ్బు చేతులు మారిన చాలా కాలానికి. మనవాళ్లు చాలామంది సుంకం తామే కట్టే షరతు మీద అమ్ముతారు కాబట్టి ఆ భారం తిరిగి వీళ్ల నెత్తినే పడుతుంది. ఇన్‌కోటర్మ్స్ (ఏ ఖర్చు అమ్మేవాడిది, ఏది కొనేవాడిది అని చెప్పే అంతర్జాతీయ షరతులు) పాఠాన్ని ఈ పూట చెప్పండి, జన్మలో మరిచిపోరు.

లెక్క కష్టమేమీ కాదు. వేరే దేశానికి కిలో 630 రూపాయలకు అమ్మే రకం రొయ్యను అమెరికాకు ఒక కంటైనర్ 600కి, అంతే బరువున్న మరో కంటైనర్ 660కి పంపారనుకోండి. మొదటిదాంట్లో 30 తక్కువ, రెండోదాంట్లో 30 ఎక్కువ. కలిపి చూస్తే డంపింగ్ లేదు. కానీ రెండోదాని 30 ఎక్కువను సున్నాగా రాసేస్తే? మొదటి 30 మిగిలిపోతుంది, 1,260 మీద 2.4 శాతం మార్జిన్ పుట్టుకొస్తుంది. 'జీరోయింగ్' అంటే ఇదే. దీని మీద అప్పిలేట్ బాడీలో మొట్టమొదట గెలిచింది మన దేశమే. యూరప్ మన నూలు దుప్పట్ల మీద వేసిన సుంకం కేసులో 2001 మార్చిలో ఆ తీర్పు వచ్చింది. తర్వాత ఈ పద్ధతి అమెరికాను పదే పదే కేసుల్లో ఇరికించింది. పదో తరగతి లెక్కలు వచ్చిన ఎవరికైనా ఇది పావుగంటలో అర్థమవుతుంది. ఇది రాకుండా డంపింగ్ మీద పది పేజీల వ్యాసం రాసి ఏం లాభం?

ఆ కథకు ఇంకో రెండు కొమ్మలున్నాయి, త్వరగా చెప్పేస్తాను. ఒకటి, వసూలైన సుంకాన్ని అమెరికా బర్డ్ సవరణ అనే చట్టం కింద పిటిషన్ వేసినవాళ్లకే పంచిపెట్టేది! మనతో సహా చాలా దేశాలు కేసు వేస్తే 2003లో అది చెల్లదన్నారు. రెండోది, రొయ్యల దిగుమతిదారుల దగ్గర ఏడాది సరుకు విలువ మీద లెక్కగట్టిన భారీ బాండ్లు అడిగారు. 2008లో భారత్, థాయ్‌లాండ్ ఆ బాండ్ల మీద గెలిచాయి. ఇవి రెండూ ట్యుటోరియల్‌లో పిల్లల చేత వాదింపజేయడానికి అచ్చంగా సరిపోతాయి.

సబ్సిడీల పాఠం కూడా రొయ్యలోనే ఉంది. 2013లో మన డ్యూటీ డ్రాబ్యాక్ (ఎగుమతిదారుకు సుంకం వాపసు) లాంటి పథకాలు సబ్సిడీలేనని అమెరికా వాణిజ్య శాఖ తేల్చింది. కానీ అక్కడిదే మరో సంస్థ, అంతర్జాతీయ వాణిజ్య కమిషన్, తమ పరిశ్రమకు నష్టం జరగలేదని ఓటేసింది. కేసు పోయింది. పదేళ్ల తర్వాత మళ్లీ పిటిషన్ వేశారు. 2024 చివర్లో ఈసారి కమిషన్ కూడా ఔనంది. 6 శాతానికి కాస్త తక్కువగా కొత్త సుంకం వచ్చిపడింది. సబ్సిడీ ఉండటం ఒకటి, దానివల్ల నష్టం జరగడం ఇంకొకటి, రెండూ రుజువు కావాలి అనే సూత్రాన్ని ఈ రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చెబితే ఎవరి బుర్రకైనా ఎక్కుతుంది.

ఇక 2025. ఆ ఆగస్టు 27 నాటికి మన సరుకుల మీద అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరింది, రొయ్యకు పాత సుంకాలు దీనికి అదనం. పట్టుబడులు ఆపుకున్న రైతుల టెన్షన్ చూసినవాళ్లకు ఆ రోజులు గుర్తుంటాయి. ఆ తర్వాత అంకెలు మారుతూనే ఉన్నాయి, వాటి వెంట సిలబస్ పరిగెత్తనక్కర్లేదు. విద్యార్థి తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ఫ్రోజెన్ రొయ్యకు అమెరికా డబ్ల్యూటీఓలో మాటిచ్చిన సుంకం సున్నా. అంటే, మాటిచ్చిన సుంకం దాటకూడదనే గాట్ రెండో అధికరణం ప్రకారం చూస్తే మన కేసు గట్టిది. మరి గెలిస్తే ఏమవుతుంది? ఓడిన దేశం అప్పీలు చేస్తుంది. అప్పీలు వినేవాళ్లు లేరు. కొత్త సభ్యుల నియామకాలను అమెరికా అడ్డుకుంటూ రావడంతో 2019 డిసెంబరులో, మన దేశానికి చెందిన ఉజ్జల్ సింగ్ భాటియా సహా ఇద్దరి పదవీకాలం ముగిశాక, అప్పిలేట్ బాడీలో అప్పీలు వినడానికి కావాల్సిన ముగ్గురు లేకుండా పోయారు. అప్పటినుంచి అప్పీలు చేయడం అంటే కేసును అటక మీద పెట్టడమే. ఈ విషయంలో మనమేమీ తక్కువ తినలేదు. చెరకు మద్దతు ధరల కేసులో ఓడిపోయి మనమూ అదే అటక ఎక్కించాం. ఇది కూడా దాచకుండా చెప్పాలి.

'వ్యవస్థే కుప్పకూలుతుంటే పిల్లలకు ఇదంతా ఎందుకండీ' అని ఒక సీనియర్ ప్రొఫెసర్ గారు నాతో అన్నారు. గౌరవంగానే విభేదిస్తాను. జెనీవా మూగబోయినా విచారణలు ఆగలేదు, ఇంకా పెరిగాయి. 2025 సుంకాలను అమెరికాలో సవాలు చేసింది అక్కడి చిన్న వ్యాపారులు, కొన్ని రాష్ట్రాలే. మే నెలలో న్యూయార్క్‌లోని అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం, 1977 నాటి అత్యవసర అధికారాల చట్టం అధ్యక్షుడికి అంత అధికారం ఇవ్వలేదంది, ఆగస్టులో పైకోర్టు అదే మాట చెప్పింది. అంటే దేశీయ చట్టాల్లోనే ఇప్పుడు అసలు ఆట నడుస్తోంది. మన వైపూ అంతే. యూఏఈతో ఒప్పందం 2022 మే నుంచి అమల్లో ఉంది, బ్రిటన్‌తో 2025 జులైలో సంతకాలయ్యాయి. ఒక సరుకు మన దేశంలో పుట్టిందని ఎలా రుజువు చేయాలో చెప్పే నిబంధనలు ప్రతి ఒప్పందానికీ వేరు. యాంటీ డంపింగ్ సుంకం గురించిన మన కస్టమ్స్ టారిఫ్ చట్టం 9ఏ సెక్షన్, ఢిల్లీలోని ట్రేడ్ రెమెడీస్ డైరెక్టరేట్ జనరల్ విచారణలు, వాటి మీద కెస్టాట్ అనే ట్రిబ్యునల్‌లో అప్పీళ్లు, ఇవన్నీ రోజువారీ లాయర్ పనులు. మన సిలబస్‌లో వీటికి దొరికే చోటు ఒక పేరా.

తెలంగాణ విశ్వవిద్యాలయాలు రొయ్యను పట్టుకోనవసరం లేదు. హైదరాబాద్‌కు మందుబిళ్ల ఉంది. 2012 మార్చిలో దేశంలో మొదటి కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా మందు తయారీకి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) పొందింది హైదరాబాద్ కంపెనీ నాట్కో. నెలకు 2 లక్షల 80 వేలకు అమ్ముతున్న క్యాన్సర్ మందును 8,880కు ఇచ్చేందుకు అనుమతి అది. పేటెంట్ల వంటి హక్కులపై డబ్ల్యూటీఓ ఒప్పందమైన ట్రిప్స్‌లో 31వ అధికరణం, ప్రజారోగ్యంపై 2001 దోహా ప్రకటన, మన పేటెంట్ చట్టం 84వ సెక్షన్ మూడూ ఆ ఒక్క ఉత్తర్వులో కలుస్తాయి. 2008 చివర్లో డాక్టర్ రెడ్డీస్ బ్రెజిల్‌కు పంపిన రక్తపోటు మందును దారిలో నెదర్లాండ్స్ కస్టమ్స్ ఆపేసింది. పేటెంట్ ఇక్కడా లేదు, బ్రెజిల్‌లోనూ లేదు, మధ్యలో సరుకు దాటిపోయే దేశంలో ఉంది! ఆ గొడవ 2010లో డబ్ల్యూటీఓ దాకా వెళ్లింది. హైదరాబాద్ మందుల కంపెనీలుండే జినోమ్ వ్యాలీకి బస్సులో వెళ్లగలిగే విద్యార్థికి ఇంతకన్నా దగ్గరి పాఠం ఏముంది?

రెండు రాష్ట్రాలకూ ఉమ్మడిగా వడ్లు ఉన్నాయి. ఐకేపీ కేంద్రంలో ప్రభుత్వం కొనే ధాన్యానికి ఇచ్చే మద్దతు ధరను డబ్ల్యూటీఓ లెక్కలో 1986-88 నాటి ధరతో పోలుస్తారు. ఆ తేడా మొత్తం పంట విలువలో 10 శాతం దాటకూడదు. నలభై ఏళ్ల కిందటి ధరతో నేటి ధరను పోలిస్తే దాటక ఏం చేస్తుంది? 2018-19 బియ్యం విషయంలో మనం దాటాం, ఇలా పరిమితి దాటినా కేసు వేయకుండా 2013లో బాలిలో కుదిరిన తాత్కాలిక రక్షణను మొదటిసారి వాడుకున్నాం. శాశ్వత పరిష్కారం ఇంకా రాలేదు. రైతు బిడ్డలు ఎక్కువగా చదివే మన లా కాలేజీల్లో ఈ లెక్క తెలిసి బయటికి వచ్చేవాళ్లు ఎందరో మీరే ఆలోచించండి.

బోధించేవాళ్లు లేరన్నది నిజమైన ఇబ్బందే, తీసిపారేయను. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల వనరులు వేరు. అక్కడి పిల్లలు డబ్ల్యూటీఓ చట్టం మీద జరిగే జాన్ జాక్సన్ మూట్ కోర్టు (మాదిరి వాదనల) పోటీల గురించి ఆలోచించగలరు. లాసెట్ రాసి జిల్లా కాలేజీలో చేరినవాళ్లకు ఆ పేరు వినే అవకాశం కూడా తక్కువ. కానీ జిల్లాల్లో ఉన్న మనుషులు నల్సార్‌కు దొరకరు. కస్టమ్స్ బ్రోకర్లు, ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) నుంచి రిటైరైన అధికారులు, ప్లాంట్లలో ఎగుమతి పత్రాలు చూసే మేనేజర్లు, ఖాతాలు రాసే సీఏలు, వీళ్లంతా ఇక్కడే ఉన్నారు. యూరప్ 2016లో మన రొయ్యల కంటైనర్లలో యాంటీబయాటిక్ పరీక్షలను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచినప్పుడు ఏం జరిగిందో ల్యాబ్ మేనేజర్ చెబితే, ఆహారంలో హానికర పదార్థాల నియంత్రణపై ఉన్న డబ్ల్యూటీఓ ఒప్పందం మీద వేరే లెక్చర్ అక్కర్లేదు. ఇక డబ్ల్యూటీఓ తీర్పులన్నీ ఇంటర్నెట్‌లో ఉచితం. భాష కష్టం, ఒక్కో తీర్పు వందల పేజీలు, ఒప్పుకుంటాను. అందుకే ఎనిమిది కేసులు చూపించే కన్నా రెండు చదివించమంటున్నాను.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. జెనీవాలో ఉద్యోగం వస్తుందని ఎవరికీ ఆశ పెట్టకండి, అది వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంతమందికి. కానీ వైజాగ్, కాకినాడ, కృష్ణపట్నం పోర్టుల చుట్టూ, హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో, గుంటూరు మిర్చి ఎగుమతిదారుల దగ్గర ఈ పని తెలిసినవాళ్లు దొరకడం లేదు. ప్రశ్నావళి వస్తే ఎగుమతిదారు నేరుగా వాషింగ్టన్ లాయర్‌కు గంటల లెక్కన డాలర్లు కడుతున్నాడు. అందులో చాలా పని ఇక్కడి కుర్రాళ్లు చేయగలిగేదే.

మీ నుంచి నేను కోరేది చిన్నది. ఈ పేపర్‌లో సగం మార్కులు పుస్తకం దగ్గర పెట్టుకుని రాసే పరీక్షకు ఇవ్వండి. ప్రశ్న ఒక షిప్పింగ్ బిల్, ఒక ఇన్‌వాయిస్, ఒక నోటీసు ఇచ్చి, జవాబు ముసాయిదా రాయమనేలా ఉండాలి. సరుకు ఎంపిక ప్రతి కాలేజీకి వదిలేయండి. అనంతపురం దానిమ్మను ఎంచుకుంటుందేమో, అరకు దగ్గరి కాలేజీ కాఫీని తీసుకుని, అడవి నరికిన చోట పండిన సరుకును అడ్డుకునే యూరప్ అటవీ నిబంధనలతో కుస్తీ పడుతుందేమో, పట్టనివ్వండి. బయటి నిపుణులకు గెస్ట్ లెక్చర్ పారితోషికం పేరుకు కాకుండా, ఒక రోజు పని మానుకుని వచ్చేంతగా ఇవ్వండి. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో ఆనర్స్ గ్రూపుల్లో అంతర్జాతీయ వాణిజ్య చట్టం ఒకటిగా ఎప్పటినుంచో ఉంది. కాబట్టి అనుమతులు లేవన్న మాట రాదనుకుంటాను.

ఇద్దరు తోటి న్యాయవాదులతో కలిసి రొయ్య మీద పద్నాలుగు వారాల పాఠ్యక్రమం ముసాయిదా ఒకటి తయారుచేశాను. పార్టీల పేర్లు కొట్టేసిన కాగితాలు కూడా ఇవ్వడానికి మా క్లయింట్లలో కొందరు ఒప్పుకున్నారు. సిలబస్ సవరణ మీద మీ తదుపరి సమావేశం ఎప్పుడో తెలియజేస్తే వచ్చి చూపిస్తాం. మార్చి, ఏప్రిల్ నెలలు తప్ప ఎప్పుడైనా సరే, అప్పుడు మాకు సమీక్షల ప్రశ్నావళుల హడావిడి ఉంటుంది. ప్రయాణ ఖర్చులు మావే.

ఇట్లు,
ఎగుమతి వ్యవహారాలు చూసే ఒక న్యాయవాది,
కాకినాడ